కుదురు లేని ధారణ

"మోచెయ్యి బల్ల మీద పెట్టండి. ఊపిరి వదలండి. ఇక ఎక్కడికీ పోకండి."

కామేశం గారు రోజూ ఇదే మాట ఇదే గొంతుతో అంటారు. తరగతి మొత్తం ఒక్కసారిగా ఊపిరి వదిలింది. బల్లల మీద మణికట్లు వరసగా పడి ఉన్నాయి. ప్రతి మణికట్టుకీ ఒక లయపట్టీ. లయ చూసే ముందు పట్టీ మీద చిన్న దీపం ఒకసారి రెప్ప వేస్తుంది. ఆ రెప్పకీ మనిషి ఊపిరికీ పొత్తు కుదరాలి. గుండె సవ్యంగా ఉంటే ఆకుపచ్చగా 'నెమ్మది' అని పడుతుంది, లయ తప్పితే ఎర్రగా 'చూపించుకోండి' అని పడుతుంది.

సరిగ్గా రెప్ప వేసే వేళకే సూరాడ ధాత్రికి చీలమండ దగ్గర దురద పుట్టింది. ఓర్చుకుంది. దురద మోకాలి దాకా ఎక్కింది. చెయ్యి కదిలింది.

"మళ్ళీనా ధాత్రీ?" కామేశం గారు కళ్ళు తెరవకుండానే అన్నారు.

"దోమ సార్."

"ఈ గదిలోకి దోమ వచ్చి పదేళ్ళయిందమ్మా."

ఆమె ముందున్న తెర మీద పొద్దుటి ధారణ బూడిద రంగుకి తిరిగి, 'పనికిరానివి' అనే బుట్టలోకి జారిపోయింది. ఆ బుట్టలో ఉన్నవన్నీ దాదాపు ధాత్రివే. పక్క బల్ల దగ్గర బొడ్డేపల్లి జానకిరామ్ రాతిబొమ్మలా కూర్చుని ఉన్నాడు. వాడి పట్టీ పచ్చగా వెలుగుతూనే ఉంది. వాణ్ణి చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. పాపం, వాడు చేసిందేమీ లేదు. ఏమీ చేయకుండా కూర్చోగలగడమే వాడి తప్పు.

కుదురు పుట్టుకతో రావాలే తప్ప నేర్పితే వచ్చేది కాదని ధాత్రిని పెంచిన మేనత్త ఎప్పుడో తేల్చేసింది. కొండ మీది ఉపకరణ శిక్షణాలయం మాత్రం అలా అనుకోదు. వైద్య ఉపకరణం ఎలా చేయాలో, చేసినదాన్ని బజారుకి ఎలా పంపాలో ఇక్కడ నేర్పుతారు. రెంటికీ మధ్య ఒక ఆచారం ఉంది. చేసినవాళ్ళే ముందు కట్టుకోవాలి. తన ఒంటి మీద కట్టుకోనిదాన్ని ఇంకొకరి ఒంటికి కట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ కట్టుకోవడమే ధారణ. మంచి ధారణ అయితే అది ఛాయగా మారి, కింది అంతస్తులోని ఛాయాజనంలో చేరుతుంది. కొత్త ఉపకరణం ఏదొచ్చినా ఛాయలన్నిటి మీదా ఒకేసారి తొడిగి చూస్తారు. టీ తాగి కప్పు కింద పెట్టేలోగా ఫలితం వచ్చేస్తుంది. రోగుల ఇళ్ళ చుట్టూ తిరిగే కాలం పోయింది.

ఆ మధ్యాహ్నమే ధాత్రి తుది ధారణ. ఆమె చేసిన రెండో తరం లయపట్టీ చెమటకీ ఉప్పునీటికీ చెడదు, గాజు కన్నా పలచన. ఛాయలన్నీ దాన్ని ఒప్పుకున్నాయి. ఇక ఆమె ఒళ్ళు ఒప్పుకోవాలి. తుది ధారణ ఒక్కసారే ఉంటుంది. దాన్ని బుట్టలో వేయడానికి వీల్లేదు. ధారణని పరీక్షించే ద్వారం తెరుచుకుంటే చేతికి అనుమతి పత్రం వస్తుంది, తీరం పొడవునా ఉన్న రొయ్యల షెడ్లన్నిటికీ ఆమె పట్టీ వెళుతుంది. తెరుచుకోకపోతే మూడేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే.

"మధ్యాహ్నం దాకా మెట్లెక్కకు, ఎవరితోనూ పోట్లాడకు," అన్నారు కామేశం గారు తరగతి వదులుతూ. "పట్టీ మాత్రం విప్పకు. ఒంటికి అలవాటు పడనీ."

"పోట్లాట నేను పెట్టుకోను సార్. అదే వస్తుంది."

ఆయన నవ్వారు. ఆయన నవ్వితే ధాత్రికి కోపం నిలవదు. మొదటి తరం లయపట్టీ ఆయన చేసిందే. తీరంలో పనిచేసే ప్రతి మణికట్టుకీ ఇప్పుడు అదే ఉంది, ఆయన మణికట్టుకి కూడా.

తర్వాతది బజారు తరగతి. ఆ పూట పాఠం జానకిరామ్ చెప్పాలి. వాడు లేచి నిలబడి, పట్టీలు ఎందుకు వెనక్కి వస్తాయో చెప్పడం మొదలుపెట్టాడు. రంగు నచ్చక వచ్చేవి కొన్ని, దురద పుట్టి వచ్చేవి కొన్ని. అన్నిటికన్నా ఎక్కువ వచ్చేవి మాత్రం 'తెలియదు' అని చెప్పినవి.

"మనిషి కదులుతుంటే పట్టీకి లయ అందదు. అందనప్పుడు 'తెలియదు' అంటే జనం ఏమనుకుంటారు? పాడైపోయిందనుకుంటారు. అందుకే పూరణ. లయ అందని క్షణాల్లో పట్టీ చివరిసారి అందిన లయనే మళ్ళీ రాసుకుంటుంది. చూసేవాళ్ళకి నమ్మకం పోదు."

"నమ్మకం పోదు సరే, నిజం పోదా?" అంది ధాత్రి.

జానకిరామ్ కామేశం గారి వైపు చూశాడు. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "మొదట చేసినప్పుడు నా పట్టీకి పూరణ లేదమ్మా," అన్నారు. "అచ్చం నిజమే చెప్పేది. పూటకి పదిసార్లు 'తెలియదు' అనేది. జనం విసుగెత్తి విప్పేసి గూట్లో పడేశారు. భోగాపురంలో ఒకాయన గుండె ఆగి పోయాడు. చూడ్డానికి వెళ్ళాను. పట్టీ గూట్లోనే ఉంది. అప్పుడు కూడా 'తెలియదు' అంటూనే ఉంది." తన పట్టీని ఒకసారి సవరించుకున్నారు. "కట్టుకోని పట్టీ ఎవరినీ కాపాడదు. పూరణకి హద్దు ఉంది. ద్వారం లెక్కలోకి వచ్చే ఏ ధారణలోనైనా అది నాలుగో వంతు దాటితే, పాతా కొత్తా అని లేకుండా పట్టీలన్నిటికీ ద్వారం పూరణని అక్కడికక్కడే ఆపేస్తుంది. ఇంతవరకు ఒక్క ఛాయ కూడా ఆ హద్దు దరిదాపులకి రాలేదు."

ధాత్రి పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి విరగ్గొట్టింది.

భోజనాల వేళకి ఫోను మోగింది. పైడమ్మత్త, ధాత్రిని పెంచిన మేనత్త. షెడ్డులో రొయ్యల తలలు తీసే లైను మీద ఉన్నప్పుడు ఆవిడ ఫోను చేయదు.

"ఒలే గుంటా, తిన్నావేటి?"

"తింటన్నాను. లైను ఒగ్గీసి ఫోనేటి?"

"ఏటీ నేదే. ఐసు గడ్డల కాడ కళ్ళు తిరిగినాయి. పడ్డాను. ఈ వారంలో ఇది రెండోసారి. గుండెల్లో కప్ప గెంతినట్టు గెంతుతున్నాది."

ధాత్రి ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. "ఆస్పత్రికెల్లు అత్తా. ఇప్పుడే ఎల్లు."

"ఎలా ఎల్తాను? సూపర్వైజరు పట్టీ సూసినాడు. పచ్చగా ఉన్నాదిగా, లైను మీద నిలబడమన్నాడు. ఎర్రగా పడితే ఆళ్ళే బండెక్కిస్తారు. పడనేదు మరి. ఆడి తప్పేటున్నాది?"

"పట్టీ ఏమంటే ఏటి, నీకు తెలీడం లేదా?"

"నాకు తెలిసి ఏటి సేస్తానే? పట్టీ సెప్పకుండా పోతే రేపు నా సోటులో ఇంకోర్ని నిలబెడతారు. మీ సారు సేసిన పట్టీయే కదా, అది అబద్దం సెప్తాదా? వొయసొచ్చీసింది, అంతే. నీ పరీచ్చ బాగా రాయి." అవతల ఎవరో కేకేశారు. ఫోను ఆగిపోయింది.

ధాత్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. సూపర్వైజరు మీద కోపం, అత్త మీద అంతకన్నా కోపం. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మెట్లెక్కకు అన్న మాట మరిచిపోయి, రెండేసి మెట్లు దాటుకుంటూ పని గదికి ఎక్కింది. తలుపు దగ్గర నిలబడి రొప్పింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అలవాటుగా మణికట్టు చూసుకుంది.

నెమ్మది.

తన పట్టీయే, తన చేతులతో చేసిన పట్టీయే. ఒళ్ళంతా కుతకుతలాడుతుంటే పచ్చగా, చల్లగా చెబుతోంది, నెమ్మది అని.

ఆమె పట్టీ లోపలి పొరని తెర మీద పరిచింది. సొంతంగా చూసిన లయ నల్ల గీత, పూరణ నీలం గీత. పొద్దున కుదురు తరగతిలో నల్ల గీత ముక్కలు ముక్కలుగా ఉంది. అక్కణ్ణుంచి దాదాపు అంతా నీలమే. అన్నం ముందు ఉలిక్కిపడ్డప్పుడు నీలం, మెట్ల మీద నీలం. ఇప్పుడు ఆమె మణికట్టు మీద వెలుగుతున్న నెమ్మది ఎప్పుడో పొద్దున ఊపిరి వదిలిన క్షణానిది. పట్టీకి అప్పట్నుంచీ ఆమె సంగతే తెలియదు.

తెర మీదికి ఛాయల్ని పిలిచింది. ఇంతకు ముందు ఎన్నోసార్లు చూసింది గానీ ఫలితాలు మాత్రమే చూసేది. ఛాయలు ఎలా కూర్చుంటాయో ఎప్పుడూ చూడలేదు. ఒకదాన్ని తెరిచింది. పేరు 'కూలి పని, ఆడమనిషి, నలభై దాటిన వయసు'. దీపం రెప్ప వేసింది. ఛాయ ఊపిరి వదిలింది. ఇంకొకటి తెరిచింది. రిక్షా లాగేవాడు, ఊపిరి వదిలాడు. సముద్రం మీద వల లాగుతున్నవాడు కూడా దీపం రెప్ప వేయగానే మోచెయ్యి ఆనించి ఊపిరి వదిలాడు.

వల లాగేవాడికి సముద్రం మీద బల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి అర్థమయింది. కుదురు లేని ధారణలు ఏళ్ళ తరబడి బుట్టలోకే పోతున్నాయి. మిగిలినవి కుదురు తరగతిలో కూర్చున్నవాళ్ళవే. వాళ్ళ ఒంటికే వయసు మార్చి, బరువు మార్చి, కూలి అనీ రిక్షా అనీ పేర్లు పెట్టారు. కింది అంతస్తులో ఉన్నది జనం కాదు. జానకిరామ్‌లు. లక్షల మంది జానకిరామ్‌లు.

కామేశం గారు తన గదిలో టీ కలుపుకుంటున్నారు. ధాత్రి చెప్పిందంతా నిలబడే విన్నారు. తెర తెచ్చి చూపిస్తే వల లాగేవాణ్ణి రెండుసార్లు చూశారు. టీ చల్లారిపోయింది.

"బుట్ట నేనే పెట్టించాను," అన్నారు చివరికి. "చెడ్డ ధారణ ఛాయల్ని పాడుచేస్తుందని."

"చెడ్డది కాదు సార్, కదిలేది. మా అత్త ఈ వారం రెండుసార్లు పడింది. మీ పట్టీ నెమ్మది అంటోంది."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. వయసు ఒక్కసారిగా ముఖం మీదికొచ్చింది. "నువ్వు చెప్పింది తప్పని నేననను. కానీ ఇవాళ కుదురుగా కూర్చో. ద్వారం దాటు. పత్రం చేతికొస్తే నీ మాటకి బరువు ఉంటుంది. మూడో తరంలో పూరణ తీసేద్దాం. నేనూ సంతకం పెడతాను."

"మూడో తరం ఎప్పుడొస్తుంది?"

ఆయన చల్లారిన టీ కప్పుని పక్కకి జరిపారు.

"అప్పటిదాకా మా అత్త లైను మీద నిలబడాలా?"

"ఈ పూట పూరణ ఆగిపోతే ఎన్ని మణికట్ల మీద 'తెలియదు' పడుతుందో తెలుసా? విప్పేస్తారు ధాత్రీ. గూట్లో పడేస్తారు. నేను కళ్ళారా చూశాను." ఆయన గొంతులో బతిమాలడం ఉంది. అది ఆమెని కోపం కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆయన అంటున్నదీ నిజమే, అదే చిక్కు.

తుది ధారణ జరిగే హాల్లో ఫ్యాన్లు ఆపేస్తారు. అందరూ చెప్పులు బయటే విడిచి, గోడల వెంట నిలబడతారు. మధ్యలో పీట, బల్ల, ఎదురుగా ద్వారం. ద్వారమంటే నిలువెత్తు గాజు పలక, అంతే. గురువే శిష్యురాలి చేతికి పట్టీ కట్టాలి. కట్టిన చేతికే విప్పే హక్కు. గడువు నిండక ముందే ఆయన విప్పితే ధారణ జరగనట్టే లెక్క. కామేశం గారు వంగి పట్టీ కట్టారు. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"కూర్చో తల్లీ," అన్నారు నెమ్మదిగా.

ధాత్రి కూర్చుంది. మోచెయ్యి బల్ల మీద పెట్టింది. దీపం రెప్ప వేసింది, ఊపిరి వదిలింది. విచిత్రంగా, మూడేళ్ళలో ఎన్నడూ రాని కుదురు ఆ పూట వచ్చి ఒళ్ళో కూర్చుంది. దురద లేదు. గాజు పలక మీద నల్ల గీత తెగకుండా సాగుతోంది. గోడ దగ్గర జానకిరామ్ ఆమెకేసి తల పంకించాడు, మెచ్చుకోలుగా. ఇంకాసేపు ఇలాగే కూర్చుంటే చాలు. పత్రం, ఉద్యోగం, కామేశం గారి సంతోషం. మంచిగా బతికే దారి ఎంత సుళువుగా ఉందో చూస్తే ఆమెకి భయమేసింది.

ఈ ధారణ కూడా ఛాయ అవుతుంది. 'రొయ్యల షెడ్డు, ఆడమనిషి' అని దానికి పేరు పెడతారు. ఐసు గడ్డల మధ్య, మోచెయ్యి బల్ల మీద ఆనించి, ఊపిరి వదులుతూ నెమ్మది అని చెప్పే ఇంకో పైడమ్మ.

ధాత్రి లేచి నిలబడింది.

హాల్లో గుసగుస మొదలైంది. ఆమె బల్ల ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం వంచింది. చిన్నప్పుడు సెలవుల్లో అత్త పక్కన నిలబడి చేసిన పని. ఎడమ చేత్తో తీసుకోవడం, కుడి చేత్తో తల విరవడం, నడుం తిప్పి తొట్టిలో వేయడం. రొయ్య లేదు, తొట్టి లేదు. చేతులకి మాత్రం అంతా గుర్తుంది. తీసుకోవడం, విరవడం, తిప్పడం. జుట్టు ముడి ఊడింది. పలక మీద నల్ల గీత తెగింది. నీలం మొదలైంది.

"ధాత్రీ, కూర్చో," జానకిరామ్ కేకేశాడు. "పిచ్చి పట్టిందా నీకు? ఇది మళ్ళీ ఉండదు."

"నాకు తెలుసురా."

నీలం పెరుగుతోంది. హద్దు గీత దగ్గరికి వస్తోంది. కామేశం గారు పీట దాటి వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. కదులుతున్న చేతిని పట్టుకున్నారు. బొటనవేలు పట్టీ కొక్కెం మీద ఉంది. లాగితే ఊడుతుంది. అందరికీ క్షేమం.

"ఒక్కటి చెప్పు," అన్నారు ఆమెకి మాత్రమే వినబడేలా. "పారేస్తారు. అప్పుడేం చేస్తావు?"

"పారేస్తే పారేయనివ్వండి సార్. గుండె బాగుందనుకుని మాత్రం ఉండిపోరు కదా."

ఆయన ఆమె ముఖం చూశారు, పలక చూశారు. కొక్కెం మీద బొటనవేలు అలాగే చాలాసేపు ఉంది. తర్వాత చెయ్యి వదిలేశారు.

ధాత్రి మళ్ళీ వంగింది. తీసుకోవడం, విరవడం, తిప్పడం. నీలం హద్దు దాటింది.

గాజు పలక ఏ చప్పుడూ చేయలేదు. పైన 'అనుమతి లేదు' అని పడింది. కింద, ధారణ స్వీకరించినట్టు, ఛాయాజనంలో చేర్చినట్టు పడింది. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో, పూరణ నిలిపివేయబడింది అని. గోడల వెంట నిలబడినవాళ్ళు ఒక్కొక్కరూ మణికట్లు ఎత్తి చూసుకున్నారు. కుదురు తరగతిలో తప్ప ఎక్కడా కుదురుగా ఉండని చేతులు అవి. పచ్చ దీపాలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయి, తెల్లగా 'తెలియదు' అని పడసాగింది. జానకిరామ్ తన పట్టీని చూపుడువేలితో రెండుసార్లు తట్టాడు. వాడి చెయ్యి వణుకుతోంది, కాబట్టి వాడిది కూడా తెల్లగానే ఉంది.

"నీ పట్టీ పోయింది," అన్నాడు వాడు. "సారుదీ పోయింది. అందరివీ పోయాయి."

ధాత్రి పీట మీద కూలబడింది. ఒళ్ళంతా చెమట. మూడేళ్ళు పోయాయన్న సంగతి అప్పుడే నిజంగా తెలిసింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

కామేశం గారు కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డారు. ఆయన తన పట్టీని పైకి జరిపి, రెండు వేళ్ళతో నాడి వెతుక్కుంటున్నారు. చాలా ఏళ్ళయినట్టుంది, చోటు చప్పున దొరకలేదు.

ఫోను మోగింది. ముక్కు తుడుచుకుని ఎత్తింది.

"ఒలే, నీ పరీచ్చ అయిపోనాదేటి?" పైడమ్మత్త అరుస్తోంది. వెనక బండి హారను. "మీ సారు పట్టీ పాడైపోనాదే. షెడ్డు షెడ్డంతా పాడైపోనాయి. పచ్చగా నేనోళ్ళు లైను మీద నిలబడకూడదంట, కళ్ళు తిరుగుతున్నాయన్న నన్నూ ఇంకో నలుగుర్నీ బండెక్కించీసినారు. పనంతా ఆగిపోనాది. సూపర్వైజరు నెత్తీ నోరూ కొట్టుకుంటన్నాడు. ఇదేటి దిక్కుమాలిన పట్టీ, తెలీదంటాదేటి?"

"ఎక్కడికెళ్తంది బండి?"

"ఇంకెక్కడికి, ఆస్పత్రికి." ఆవిడ ఊపిరి వినబడింది, ఎగుడుదిగుడుగా. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "గుంటా. మరి నా గుండెకేటీ అవనేదు కదా?"

కిటికీ దగ్గర కామేశం గారు వెనక్కి తిరిగి చూశారు.

"తెలీదత్తా," అంది ధాత్రి. "దారిలో దిగిపోకు. చూపించుకున్నాకే రా."